పళ్ళ మధ్య తాళంచెవి

మా ఇంట్లో మిక్సీ జారు కడగాలంటే ముందు నేను ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని నిలబడతాను. జారు సింకులో ఉంటుంది, మిక్సీ గట్టు మీద ఉంటుంది, రెంటికీ సంబంధమే లేదు. అయినా మా ఆవిడ కడగడం అయ్యేదాకా ఆ ప్లగ్గు వదలను. ఫ్యాను తుడవాలంటే మెయిన్ ఆపడంతో నా మనసు ఊరుకోదు, ఫ్యూజు కూడా ఊడబెరికి జేబులో వేసుకోవాలి. మొన్నామధ్య మేమిప్పుడు ఉంటున్న వైశాలి అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు బాగుచేయడానికి ఇద్దరు మనుషులు వస్తే, మీరు లోపల ఉండగా పైన ఎవరైనా మీట నొక్కితే ఎలా అని అడిగి అడిగి ప్రాణం తీశాను. అంకుల్, ఆప్ ఘర్ జాయియే, మీరు ఇంటికెళ్ళండి అని దణ్ణం పెట్టారు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. ఫరీదాబాద్‌లో ఒక మేస్త్రి నాకు అంటించాడు. ఆయన పోయాడని పోయిన వారం ఫోనొచ్చింది.

తొంభైల్లో నేను ఫరీదాబాద్ దగ్గర ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో తోటల సూపర్‌వైజర్ని. జనక్‌పురి నుంచి పొద్దున్నే ఆఫీసు బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఆవరణ పెద్దది, పచ్చిక బయళ్ళు ఎకరాలకెకరాలు. వాటికోసం పద్దెనిమిది హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు ఒకటి కొన్నారు. ట్రాక్టరు ఒకచోట, దాని వెనక తగిలించే సరంజామా మూడుచోట్ల కొన్నారు, ఎందుకంటే ఏ వస్తువుకు ఎవరు తక్కువ ధర రాస్తే వాళ్ళ దగ్గర కొనాలి. గడ్డి కోసే మిషను పంజాబు నుంచి వచ్చింది, మట్టి దున్నే రోటావేటరు గుజరాతు నుంచి వచ్చింది, చదును చేసే బ్లేడు ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికి తెలియాలి. ఒక్కటీ ట్రాక్టరుకు పట్టలేదు. పిన్నులు సన్నం, కన్నాలు పెద్దవి. గడ్డి మిషను పైకెత్తితే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. నేను స్టోర్సు కూడా చూసేవాణ్ణి కాబట్టి ఆ నాలుగు వస్తువులూ నా సంతకం మీద ఉన్నాయి. ఆడిట్ వాళ్ళు వచ్చి ఇవి ఎందుకు పడున్నాయి అంటే ఏం చెప్పాలో తెలియక రాత్రులు నిద్ర పట్టేది కాదు. నేను పిరికివాణ్ణి. ఒప్పుకుంటే తప్పేముంది.

రైలు కట్ట పక్కన ఒక మద్రాసీ మిస్త్రీ ఉన్నాడు, ఏ మిషనునైనా ఏ ట్రాక్టరుకైనా కలుపుతాడు అని మా డ్రైవరు ధరమ్‌పాల్ తీసుకెళ్ళాడు. రేకుల షెడ్డు. బయట ఎవరిదో ట్రాక్టరు, దాని వెనక నాగళ్ళ కింద వెల్లకిలా పడుకున్న మనిషి. నేను నా హిందీలో నా గోడు మొదలుపెట్టాను. రెండు ముక్కలకే ఆయన తల బయటపెట్టి చూశాడు. బట్టతల, మందపాటి కళ్ళద్దాలు, పళ్ళ మధ్య ట్రాక్టరు తాళంచెవి. ఆ తాళంచెవి అలాగే కరిచిపట్టుకుని, తెలుగువారా అండీ అన్నాడు. నా హిందీ అంత గొప్పది.

ఆయనది తణుకు వైపు. ఎప్పుడొచ్చాడో, ఎందుకొచ్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తాళంచెవి సంగతి మాత్రం మొదటి రోజే చెప్పాడు. మిషను కింద చెయ్యి పెట్టేముందు బండి తాళంచెవి తీసి నోట్లో పెట్టుకుంటాడు. జేబులో ఎందుకు పెట్టుకోరు అంటే, జేబులోది ఉందో లేదో మర్చిపోతానండి, నోట్లోది మర్చిపోను అన్నాడు. పని జరిగినంత సేపూ ఆయన మాటలు ఆ ఇనుము పక్కనుంచే రావాలి. గంట పనైతే గంటా చొంగ కారుతూనే ఉంటుంది, భుజానికి తుడుచుకుంటూ చేస్తాడు. చూడ్డానికి అసహ్యంగా ఉండేది. పెదవి మూల ఒకచోట ఎప్పుడూ నల్లగా ఉండేది.

ఆయనంత భయస్తుణ్ణి నేను చూడలేదు. పులిని చూసినట్టు చూసేవాడు ట్రాక్టరును. ఇంజను ఆపాక కూడా, బండి వెనక తిరుగుతూ మిషనుకు బలం ఇచ్చే షాఫ్టు నిలిచిందో లేదో కర్రతో తాకి చూస్తేగాని దగ్గరికి వెళ్ళడు. గడ్డి మిషను పైకెత్తితే దాని కింద చెక్కదిమ్మలు పెడతాడు, దిమ్మల పక్కన ఇటుకలు పెడతాడు, ఇటుకలు కదిలించి చూసుకుని, అప్పుడు దణ్ణం పెట్టుకుని కిందికి దూరతాడు. పని అయ్యాక కిరసనాయిలుతో చేతులు కడుక్కుని వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే, బొటనవేలితో ఒక్కొక్క వేలూ తాకి. పది అని పైకి అంటాడు. అప్పుడు గాని టీ తాగడు.

షెడ్డు గుమ్మానికి ఒక పెద్ద మేకు ఉండేది. చలికాలం వచ్చిందంటే మనవాళ్ళం మఫ్లర్లూ శాలువాలూ మంకీ క్యాపులూ చుట్టుకుని మూటల్లా తిరుగుతాం కదా. లోపలికి వచ్చేవాళ్ళు మఫ్లరు తీసి ఆ మేకుకు తగిలించాల్సిందే. తిరిగే షాఫ్టుకి గుడ్డ చివర దొరికితే చాలండి, మనిషిని మొత్తం అడుగుతుంది అనేవాడు. ఒకసారి మా ఆవరణకు తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు టై కట్టుకుని మిషను దగ్గరికి వంగాడు. ఈయన పరుగున వెళ్ళి ఆ టై కొస పట్టుకుని, మారు మాట్లాడకుండా ఆయన చొక్కా గుండీల మధ్యలోకి దోపేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆఫీసరు మాత్రం థ్యాంక్యూ అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక, మెమో వస్తే నాకొస్తుంది, మీకేం పోయింది అని ఈయన మీద ఎగిరాను. ఆయన తాపీగా, మెమో వస్తే చదువుకోడానికి మీరుంటారు కదండీ అన్నాడు.

తణుకు దగ్గర రైసుమిల్లులో ఒక సంగతి జరిగిందని మూడుసార్లు మొదలుపెట్టాడు. మిల్లులో పెద్ద బెల్టు, పక్కన ఆయనకు పని నేర్పిన గురువు, గురువు భుజం మీద పైపంచె. మూడుసార్లూ పైపంచె దగ్గరే ఆపేశాడు. ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు. ఆయన ఆ చోట ఆగి చూసే చూపు చాలు.

అలాంటి మనిషి మా సరంజామానంతా ఏడాదిలో దారికి తెచ్చాడు. కన్నాలకు ఇనుప గొట్టాలు దిగ్గొట్టి పిన్నులకు సరిపెట్టాడు. గడ్డి మిషను చేతుల్ని కోసి, పొట్టి చేసి, మళ్ళీ వెల్డింగు చేశాడు, దాంతో ముందు చక్రాలు నేల మీద నిలిచాయి. అన్నిటికంటే ముఖ్యం, ట్రాక్టరు షాఫ్టుకీ మిషనుకీ మధ్య మామూలు మెత్తని బోల్టు ఒకటి వేశాడు. బ్లేడుకు రాయో మొద్దో తగిలితే ఆ బోల్టు తెగి, బలం అక్కడితో ఆగిపోతుంది. గేరుబాక్సు బతుకుతుంది. తెగితే రెండు నిమిషాల్లో కొత్తది వేసుకోవచ్చు. ఒక డబ్బా నిండా బోల్టులు ఇచ్చి, ఇవి తప్ప ఇంకోటి వెయ్యొద్దని నాచేత ఒట్టేయించుకున్నంత పని చేశాడు.

నాకేమో ఆ బోల్టంటే మంట. మా నేలలో రాళ్ళెక్కువ. వారానికి మూడుసార్లు తెగేది. సగం కోసిన పచ్చిక తల సగం గొరిగినట్టు కనపడేది, పైవాళ్ళు పిలిచి అడిగేవారు. గట్టిది వెయ్యమని ఆయన్ని ఎన్నిసార్లు పోరినా తల అడ్డంగా ఊపేవాడు. తెగాల్సింది తెగకపోతే తెగకూడనిది తెగుద్దండి అనేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆఖరికి ఒకరోజు బజారులో అడిగి అన్నిటికంటే గట్టి ఉక్కు బోల్టు ఒకటి కొని కోటు జేబులో వేసుకున్నాను. ఈసారి ఆయన వచ్చినప్పుడు దగ్గరుండి వేయించాలని.

ఇక తాళంచెవి. మా ఆఫీసులో ఏ తాళానికైనా రెండు చెవులుండాలి. ఒకటి వాడకానికి, ఒకటి స్టోర్సు బీరువాలో చీటీ కట్టి. బీరువాల తాళాలకు, గదుల తాళాలకు, ఆఖరికి స్నానాల గది తాళానికి కూడా. ట్రాక్టరుతో ఒక్క చెవే వచ్చింది. పోతే నా మెడకు చుట్టుకుంటుందని నేనే రెండోది చేయించి, చీటీ కట్టి, రిజిస్టర్లో నా చేత్తోనే రాసుకున్నాను. మేస్త్రి నోట్లో పెట్టుకునే ఆ ఒక్క చెవి మీద తన ప్రాణం పెట్టుకున్నాడని నాకు తెలుసు. తెలిసి కూడా రెండోది ఉందని ఆయనకు చెప్పాలని తోచలేదు. దాచాలని కాదు. నా లెక్కన అది బీరువాలో ఉండే వస్తువు, అంతే.

జనవరి నెల. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి డైరెక్టరు పచ్చిక చూడడానికి వస్తున్నాడని సాయంత్రం కబురొచ్చింది. గడ్డి మిషను బ్లేడు నట్టు వదులైందని మేస్త్రికి మనిషిని పంపించాను, పొద్దున ఏడున్నరకల్లా రమ్మని. తర్వాత ధరమ్‌పాల్‌ని పిలిచి, చలికి బండి అందుకోదు, ఎనిమిదికల్లా ఇంజను వేడెక్కి ఉండాలి అన్నాను. అసలు తాళంచెవి మా ఆవరణలో బండి షెడ్డులో కొక్కేనికి ఉంటుంది, షెడ్డు తెరిచేది నేను. నేను వచ్చేదాకా ఆగకుండా ఉంటాడని బీరువాలోంచి రెండోది తీసి అతని చేతిలో పెట్టాను. మేస్త్రి వస్తాడని అతనికి చెప్పలేదు. అతని దగ్గర చెవి ఉందని మేస్త్రికి చెప్పలేదు. ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకు చెప్పాననుకుని హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాను.

తెల్లారి పొగమంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నేను ముందు బస్సు పట్టుకుని ఎలాగో చేరాను. మేస్త్రి అప్పటికే వచ్చి ఉన్నాడు. బండి షెడ్డు బయటే ఉంది. నేను షెడ్డు తెరవగానే కొక్కేనికున్న తాళంచెవి తీసి నోట్లో పెట్టుకున్నాడు. నా మఫ్లరు తీయించాడు. నట్టు ఊడదీసేటప్పుడు బ్లేడు తిరక్కూడదు కాబట్టి షాఫ్టును గేరులోనే ఉంచాడు, అది చాలక బ్లేడుకీ మిషను రేకుకీ మధ్య ఒక చెక్కదిమ్మ బిగించాడు. దిమ్మెందుకండీ, గేరు పట్టుకునే ఉంది కదా, టైమవుతోంది అని నేను తొందరపెట్టాను. ఆయన పట్టించుకోలేదు. జేబులోంచి నా ఉక్కు బోల్టు తీసి చూపించాను. ఎలాగూ వచ్చారు, ముందు ఇది వేసేయండి అన్నాను. ముందు నట్టు చూద్దాం అన్నట్టు చేత్తో సైగ చేశాడు. మిషను వెనక ఇద్దరం గొంతుక్కూచున్నాం. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఆయన మోచేతి దాకా బ్లేడు కింద పెట్టి పానాతో నట్టు తిప్పుతున్నాడు.

బండి ముందువైపు ఎవరో ఎక్కినట్టు సీటు కిర్రుమంది.

ఆ చప్పుడు నాకు వినపడింది. అదేమిటో కూడా తెలిసింది. ధరమ్‌పాల్, మంకీ క్యాపు, ఎనిమిది గంటలు, నేనిచ్చిన చెవి, అంతా ఒక్కసారే తెలిసింది. అరవాలని నోరు తెరిచాను. అంత పెద్ద మనిషిని, ఒక్క కేక వేయలేకపోయాను. ఇంజను గుర్రుమంది. మేస్త్రి తలెత్తి నా వంక చూశాడు. కళ్ళద్దాల వెనక ఆ కళ్ళు. పళ్ళ మధ్య తాళంచెవి అలాగే ఉంది. చెవి తన నోట్లో ఉండగా బండి ఎలా కదులుతుందని ఆ కళ్ళు నన్నే అడిగాయి. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను.

షాఫ్టు ఒక్క కుదుపు కుదిపింది. దిమ్మ ఫెళ్ళున చీలింది. టప్పుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. పానా ఎగిరివెళ్ళి షెడ్డు రేకుకు కొట్టుకుంది. మేస్త్రి వెనక్కి పడ్డాడు. షాఫ్టు ఒక్కటే గిరగిరా తిరుగుతోంది, బ్లేడు మాత్రం ఉన్నచోటే ఉంది. మెత్తని బోల్టు తెగిపోయింది.

రేకు మోతకు ధరమ్‌పాల్ ఇంజను ఆపి దూకి వచ్చి మమ్మల్ని చూసి బండి చక్రం పట్టుకుని కూలబడ్డాడు. అతని చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో చెప్పనా? సాయం చేయడానికి కాదు. దానికి నా చేతిరాత చీటీ కట్టి ఉంది.

మేస్త్రి లేచి కూచున్నాడు. మోచెయ్యి గీరుకుని రక్తం వస్తోంది. కిరసనాయిలూ లేదు, నీళ్ళూ లేవు, అలాగే వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి లెక్కపెట్టి నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత నా చెయ్యి లాక్కుని నా వేళ్ళు కూడా లెక్కపెట్టాడు. అప్పుడు నోట్లోంచి తాళంచెవి తీశాడు. దాని మీద పళ్ళ గుర్తులు పడి ఉన్నాయి.

"ఇంకో తాళంచెవి ఉందాండీ?" అన్నాడు.

రెండోది నా ప్యాంటు జేబులో ఉంది. తొడకు ఒత్తుకుంటోంది. మరో జేబులో ఉక్కు బోల్టు. ఉందండీ, నేనే చేయించాను, నేనే ఇచ్చాను అనడానికి ఎంతసేపు. కానీ నా కళ్ళ ముందు మెమో, ఎంక్వయిరీ, సస్పెన్షను, జనక్‌పురిలో అద్దె ఇల్లు, మా పాప స్కూలు అన్నీ వరసగా తిరిగాయి.

"లేదండీ. వీడెక్కడో చేయించుకున్నట్టున్నాడు," అన్నాను.

తెలుగులో అన్నాను, ధరమ్‌పాల్‌కి అర్థం కాదని. కానీ అతని వైపు వేలు చూపించాను కదా. అతను నన్నొకసారి చూసి తల దించుకున్నాడు. దినసరి మీద పనిచేసే మనిషి. అతన్ని పర్మినెంట్ చేసే కాగితం నా బల్ల మీదే ఉంది. తర్వాత రెండు నెలల్లో ఆ కాగితం నేనే పరిగెత్తించి పని పూర్తిచేశాను. అందరూ నా మంచితనం అన్నారు. సిగ్గుతో చచ్చాను.

ఉక్కు బోల్టును ఆ సాయంత్రమే కాలవలో పారేశాను. తాళంచెవిని పారేయలేకపోయాను, రిజిస్టర్లో ఉంది మరి. చీటీతో సహా బీరువాలో అట్టడుగున పెట్టాను.

ఆ తర్వాత మేస్త్రి మా దగ్గరికి ఐదారేళ్ళు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ బండి దగ్గర నిలబడి, అందరి ముందూ నన్ను అదే మాట అడిగేవాడు. ఇంకో తాళంచెవి ఉందాండీ? కోపం లేదు, వెటకారం లేదు, టీ ఉందా అన్నట్టు అడిగేవాడు. లేదండీ అనేవాణ్ణి. అచ్ఛా అని, బ్యాటరీ వైరు ఊడదీసి, తాళంచెవి నోట్లో పెట్టుకుని కిందికి దూరేవాడు. ఆయన వచ్చే రోజు ఆఫీసుకు చేరగానే మొదట బీరువా తెరిచి ఆ చెవి ఉందో లేదో చూసుకునేవాణ్ణి. ఆయన పని చేస్తున్నంత సేపూ బండి సీటు మీద నేనే కూచునేవాణ్ణి, ఇంకెవరూ ఎక్కకుండా. సూపర్‌వైజరు సాబ్ కూలీలా కాపలా కాస్తున్నాడని నవ్వుకునేవారు. నవ్వనీ. నేను అక్కణ్ణుంచి బదిలీ అయ్యేదాకా మా ఆవరణలో ఒక్క మనిషి గోరు కూడా ఊడలేదు.

పోయిన వారం ఫోను చేసింది ధరమ్‌పాల్. రిటైరై పల్వల్ దగ్గర సొంత ఊళ్ళో ఉంటున్నాడు. మిస్త్రీజీ నిద్రలోనే పోయాడట. వెళ్ళి పాడెకు భుజం పట్టి వచ్చానన్నాడు. దస్ కీ దస్ థీ సాబ్, మైనే గినీ, అన్నాడు. పది వేళ్ళూ ఉన్నాయట. అతను లెక్కపెట్టాడట.

తర్వాత, ఒక మాట చెప్పాలి సాబ్ అన్నాడు. తాళంచెవి సంగతి మిస్త్రీజీకి ఆ సాయంత్రమే చెప్పేశాడట. తన పేరు పోతుందన్న బాధకొద్దీ ఇంటికెళ్ళి మరీ ఏడ్చి చెప్పాడట. మిస్త్రీజీ అంతా విని, ఎవరికీ చెప్పొద్దు, ముందు నీ నౌకరీ పర్మినెంట్ కానీ అన్నాడట. మరి తెలిసి కూడా సాబ్‌ని ప్రతిసారీ ఎందుకు అడుగుతారని ఇతను ఒకసారి అడిగాడట.

"ఏమన్నాడు?" అన్నాను.

"డర్‌నే దో, భయపడనీ, అన్నారు సాబ్. మాఫ్ చేసేస్తే సాబ్ భయం పోతుంది. భయం పోతే ఆ చెవి మళ్ళీ బయటికొస్తుంది అన్నారు."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ జారు కడగబోతోంది. ప్లగ్గు పీకి చేత్తో పట్టుకున్నాను. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది.

"ఉందండీ," అన్నాను.

మా ఆవిడ కొళాయి కట్టేసి, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏముంది అంది.

"ఇంకో తాళంచెవి ఉంది. నేనే చేయించాను," అన్నాను.